లతణయ్య

మొన్న మా అమ్మాయి నవలలు రాసుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి నా లాప్‌టాప్‌లో వేసిపెట్టింది. అధ్యాయాలకో వరస, పాత్రలకో గడి, అన్నీ ఉన్నాయి. మీటలు నొక్కితే మాత్రం చప్పుడే లేదు. నాకేదో వెలితిగా అనిపించింది. గుంటూరులో జానీబేగం గారి కీబోర్డు టకటకలు గుర్తొచ్చాయి. రెండువేల సంవత్సరం అటూ ఇటుగా ఆవిడకు అక్కడ చిన్న డీటీపీ సెంటరు ఉండేది. పెళ్లి శుభలేఖలు, మిర్చి కొట్ల లెటర్‌హెడ్లు చేసేవారు. నేనప్పుడు దర్శిలో బడిపంతుల్ని. పత్తి పండించే ఓ కుటుంబం మీద ఏడేళ్లుగా నవల రాస్తున్నాను. ఎనభై అధ్యాయాలయ్యాయి. ఏది దేని తర్వాతో నాకే అంతు చిక్కడం లేదు. అది ఒక కొలిక్కి రాకపోతే ఇక రాయడమే మానేద్దామనుకుని, ఆవిడ చేత కంప్యూటర్లో కొట్టించడానికి ఆదివారం ఆదివారం కాగితాల సంచితో బస్సెక్కేవాణ్ణి.

ఆవిడకు ఓర్పెక్కువ, నాకు తొందరెక్కువ. కథానాయిక పేరు రమ తీసేసి లత అని పెట్టాలనిపించింది. ఒక్కొక్కటీ చూసి మారుద్దామన్నారావిడ. ఆవిడ భోజనానికి లేవగానే నేను కూర్చుని, అన్నీ ఒక్క దెబ్బకు మార్చేశాను. తిరిగొచ్చి తెర మీదికి వంగారు.

"మాస్టారూ, ఈ లతణయ్య ఎవరండీ?"

రమ తండ్రి రమణయ్య! పరమశివుడు కూడా పలతశివుడైపోయాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వి, ఫ్లాపీలో దాచిన పాత ప్రతి తీసి, రమను ఒక్కొక్క చోటా చూసి లతగా మార్చారు.

అయినా నాకు బుద్ధి రాలేదు. అధ్యాయాల్ని చీటీల్లా జరుపుకోవచ్చని ఎవరో చెబితే ఆ సాఫ్ట్‌వేర్ సీడీ ఒకటి సంపాదించి తెచ్చాను. "ముందు ఒక్క పేజీ వేసి చూద్దామండీ. తెలుగు పడాలి, పేజీ జరగాలి, ప్రింటు రావాలి. మిగతా హంగులు తర్వాత" అన్నారావిడ. పేజీ వేశాం. తెలుగంతా ప్రశ్నార్థకాలైంది. "ఇన్ని ప్రశ్నలకు మీరేం జవాబు చెబుతారు మాస్టారూ?" అని తను వాడే పాత సాఫ్ట్‌వేర్‌నే తెరిచారు. అధ్యాయానికో ఫైలు చేసి పది, ఇరవై, ముప్పై అని నంబర్లిచ్చారు. మధ్యలో కొత్తది పుడితే చోటుండాలట. నాకు ఒళ్లు మండింది. ఏడేళ్లు రాశాక ఇంకా కొత్తదేమిటి?

చివరి అధ్యాయం కొట్టిన రోజు పండగలా ఉంది నాకు. మిఠాయి పొట్లం బల్ల మీద పెట్టాను. ఆవిడ దాన్ని ముట్టుకోలేదు.

"వెంకాయమ్మ ఏమైందండీ?"

"ఏ వెంకాయమ్మ?"

"లత వాళ్ల నాయనమ్మండీ. రెండొందల పదో నంబరు ఫైల్లో అన్నం పెడతాను ఉండమంటుంది కోడలు. ఆ తర్వాత ముసలావిడ ఊసే లేదు. ఇంకా ఆకలితోనే కూర్చునుందా?"

సిగ్గేసింది. ఏడేళ్లు నేను మోసిన మనుషుల్ని నాకంటే ఆవిడే బాగా ఎరుగుదురు. వారం తిరిగేసరికి వెంకాయమ్మ అధ్యాయం రాసుకెళ్లాను. చోటు సిద్ధంగానే ఉంది. రెండొందల పదిహేను.

నవల అచ్చయింది. చదివినవాళ్లు ఇప్పటికీ ఆ అధ్యాయం గురించే మాట్లాడతారు. సాఫ్ట్‌వేర్లు ఎన్ని మారినా, ఏది రాసి ముగించినా, వెంటనే లేవలేను. అన్నానికి పిలిచి ఎవరినైనా పస్తుంచేశానేమోనని మొదటి పేజీ నుంచి వెతుక్కుంటాను.