లీలగా గుర్తుంది

నా చిన్నప్పుడు మా వాడకట్టులో ఆడవాళ్ల ఒళ్లో పిల్లలకంటే బీడీల చాటే ఎక్కువసేపు ఉండేది. మా అమ్మ కూడా చుట్టేది. నేను బడి ఈడుకు రాకముందే ఆమె పోయింది. బడికి ఎలాగూ పోలేదు, ఆ సంగతి వేరు. ఇంట్లో ఒక్క ఫోటో లేదు. అమ్మ ఎట్లుండేదని అడిగితే ఒకరు నలుపనేవారు, ఒకరు చామనచాయ అనేవారు. "నీకేం యాదుంటది, గింతంత పోరివి" అని నవ్వేవారు. అమ్మ నా దగ్గర ఏమీ మిగల్లేదని నాకు భయం పట్టుకుంది.

ఒక పొద్దున మా మేనత్త తడిబట్టలో చుట్టిన తునికాకు కట్ట విప్పి, నా ముక్కు దగ్గర పెట్టి, కళ్లు మూసుకోమంది.

"ఏమొచ్చింది?"

"ఎవరో ఆకు మడుస్తున్నరు. దారం పంటితోని తెంపుతున్నరు."

"మొకం?"

"కనవడ్తలేదు."

"కనవడకుంటే లేని మొకం అతికియ్యకు. మేమందరం కత్తెరతోని తెంపుతం. పంటితోని తెంపేది మీ అమ్మొక్కతే. మస్కమస్క, సగం సగం కనవడ్డా అది నీదే, పో."

అరవై దాటాక అరబ్బు దేశంలో, అల్ నహ్దాలోని కొడుకు ఇంట్లో, మనవరాలి దగ్గర అక్షరాలు దిద్దుకున్నాను. మొన్న దాని తెలుగు పుస్తకంలో 'లీలగా' అనే మాట వచ్చింది. అర్థం 'అస్పష్టంగా' అని రాశారు. నాకు నచ్చలేదు. అస్పష్టం అంటే తప్పు పట్టినట్టుంటుంది. దూరపు పాట లీలగా వినిపిస్తుంది, చిన్ననాటి ముచ్చట లీలగా గుర్తుంటుంది. కొంచెమే, కానీ ఉంది.

సొంత వాక్యం రాయాలట. మనవరాలు పెన్ను కొరుకుతూ కూర్చుని, ఉన్నట్టుండి అంది: "నానమ్మా, తాతయ్య నాకు అస్సలు గుర్తు లేడు. నేను బ్యాడ్ కదా?"

విమానాలు బందైన ఏడు ఆయన ఇక్కడే పోయాడు. అప్పటికి ఇది మాటలు కూడబలుక్కునే పిల్ల. ఓదార్చడం నాకు చేతకాదు. లేచి, ఆయన తాగినట్టే పాలు పోయకుండా నిమ్మకాయ పిండి సులేమానీ చాయ్ పెట్టాను. గ్లాసు దాని ముక్కు దగ్గర పట్టి, కళ్లు మూసుకోమన్నాను.

"ఎవరో సాసర్‌లో పోసి ఊదుతున్నారు... నాకూ ఇచ్చారు. ఫేస్ మాత్రం ఫోటోలోదే వస్తోంది."

"ఫోటో ఖలాస్, పక్కన పెట్టు. ఊదింది ఆయనే. మీ అమ్మ చూడకుండా నీకు తాపేటోడు."

అది కళ్లు తుడుచుకుని రాసింది: తాతయ్య సాసర్‌లో చాయ్ ఊదడం నాకు లీలగా గుర్తుంది.

ఒత్తులు నేనే సరిచూశాను. మా అమ్మ ముఖం నాకు ఈనాటికీ రాదు. దారం పుటుక్కున తెగిన చప్పుడు వస్తుంది. అది నాదే.