గోడ మీద పాకిన నా ఎడమచెయ్యి

ఈ పత్రిక చేతిలో పట్టుకున్న సహోదరీ సహోదరులారా, చదవబోయే ముందు మీ రెండు చేతులనూ ఒక్కసారి చూసుకోండి. అవి రెండూ మీ మాట వింటున్నాయంటే అక్కడే ఒక స్తోత్రం చెప్పి ముందుకు సాగండి, ఎందుకంటే నా ఎడమచెయ్యి నెలల తరబడి నా మాట వినలేదు!

నేను రేపల్లె దగ్గర ఒక హైస్కూల్లో డ్రిల్లు టీచర్ని. ఇరవై రెండేళ్లుగా పిల్లల్ని ఎండలో నిలబెట్టి "చేతులు పైకి! చేతులు పక్కకి!" అని అరవడమే నా బతుకుతెరువు. నేను విజిల్ ఊదితే అక్కడెక్కడో వేమూరులో ప్యాసింజరు ఆగిపోయి, గార్డు దిగి చూసుకునేవాడని చెబుతారు. చెప్పేది నేనే అనుకోండి. అలాంటి నాకు ఎడమ రొమ్ములో శనగగింజంత గడ్డ తగిలింది. క్యాన్సర్ అన్నారు. గుంటూరులో ఆపరేషన్ చేసి, చంకలోని గడ్డలు కూడా తీసి, కీమో ఎక్కించి, ఆ పైన వారాల తరబడి రేడియేషన్ కరెంటు పెట్టారు. జుట్టు పోయింది, కనుబొమ్మలు పోయాయి, ఆఖరికి గొంతు కూడా పోయి, నేను పిలిస్తే మా పిల్లి సైతం తల తిప్పేది కాదు. మంచం మీద పడుకుని ఫ్యాను రెక్కలు లెక్కపెట్టేదాన్ని, ఉన్నవి మూడే అయినా ఒక్కోరోజు లెక్క తప్పేది. నవ్వుతూ రాస్తున్నాను గానీ సహోదరులారా, తెల్లారితే ఏం, తెల్లారకపోతే ఏం అనిపించిన రోజులవి.

దేవుని కృపవల్ల వైద్యం ముగిసింది, పరీక్షలు బాగున్నాయన్నారు. సంఘమంతా మా ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకుని, పాటలు పాడి, కడుపునిండా బిర్యానీ తిని వెళ్లారు. వచ్చినవాళ్లందరూ తెచ్చిన దానిమ్మపళ్లు వరండాలో గుట్టపోస్తే, దారిన పోయే ఇద్దరు పళ్లకొట్టనుకుని బేరమాడారు! బాపట్ల నుంచి మా ఆడపడుచు మేరీ వదిన నాకు సాయమని దిగింది. ఆవిడ నన్ను గ్లాసు ఎత్తనివ్వలేదు, దుప్పటి మడవనివ్వలేదు. నాకు ఆవలింత వస్తే నా బదులు తనే ఆవలించేది.

అయితే తెనాలిలో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి వేరే సంగతి చెప్పింది. మా పెద్దమ్మాయి ఈడు పిల్ల. "ఆంటీ, గోడకి ఎదురుగా నిలబడి వేళ్లతో మెల్లగా పైకి పాకించండి. ఎక్కడ ఆగితే అక్కడ పెన్సిల్తో గీత పెట్టండి. బలవంతం చెయ్యొద్దు, మానెయ్యొద్దు" అంది. మొదటిరోజు నా వేళ్లు నా గడ్డం దగ్గరే ఆగిపోయాయి. అదే గోడమీద ఒక బల్లి కూడా ఎక్కుతోంది. అది పైకప్పు దాకా వెళ్లి, వెనక్కి తిరిగి నావైపు జాలిగా చూసింది, ఒట్టు!

రోజూ గీత ఒక వేలెడు పైకి జరుగుతుంటే నాకు ఆశ పుట్టింది, ఆశతోపాటు అత్యాశ కూడా పుట్టింది. తొమ్మిదో రోజున వదిన స్నానానికి వెళ్లడం చూసి, నిండు బకెట్టు ఎడమచేత్తో మోసి, తడి దుప్పట్లు నాలుగూ పిండి తీగ మీద ఆరేశాను. సాయంత్రానికి చెయ్యి ఉబ్బిపోయింది. ఎంత ఉబ్బిందంటే, గాజు కనబడక మా ఆయన దాన్ని ఇల్లంతా వెతికారు. రోగం మళ్లీ వచ్చిందని భయపడిపోయాను.

వదిన నడుంమీద చేతులు పెట్టుకుంది. "నేను చెప్పలా కరుణా? దేవుడు స్వస్థపరిచాడని సంఘమంతా బిర్యానీ తిని వెళ్లారా లేదా? ఇప్పుడు నువ్వు గోడలు పాకితే జనం ఏమనుకుంటారు? దేవుడు సగం పనే చేశాడనుకోరూ? ఇది అవిశ్వాసం కాకపోతే ఏంటి?"

ఆ మాట నాకు సూదిలా దిగింది. నిజమేనేమో! బాగుచేశాడని నమ్మినదాన్ని ఈ కసరత్తు ఎందుకు చేస్తున్నాను? మానేశాను. పది రోజులు చెయ్యి ఒంటికి అంటించుకుని కూర్చున్నాను. పదో రోజుకి జాకెట్టు హుక్కులు పెట్టుకోవడం నావల్ల కాలేదు. వదిన పెడుతుంటే తల వంచుకుని ఏడ్చాను. ఈ చెయ్యి ఇక లేవకపోతే నాకు బడి లేదు, ఆ పిల్లలూ లేరు.

ఆ మధ్యాహ్నం మోకరించలేక మంచం అంచున కూర్చునే ప్రార్థన చేశాను. "ప్రభువా, నేను గోడ పాకితే నీకు అవమానమా? అవునంటే చెప్పు, మానేస్తాను. కాదంటే ఈ భయం తీసెయ్యి తండ్రీ, నాకు చెయ్యికన్నా భయమే బరువుగా ఉంది."

అప్పుడు నాకు సువార్తలో ప్రభువు బాగుచేసిన ఊచచెయ్యివాడు, అదే, చెయ్యి ఎండిపోయినవాడు జ్ఞాపకం వచ్చాడు. చిన్నప్పటి నుంచి వందసార్లు విన్న సంగతే గానీ, ఆ రోజు నాకు అతని మీద ఎక్కడలేని కుతూహలం పుట్టింది. ప్రభువు అతని చెయ్యి పట్టుకుని లాగలేదే! చాపమన్నాడు. చాపవలసింది అతనే, అదీ అందరూ చూస్తుండగా! ఎండిపోయిన చేతిని చాపేటప్పుడు అతనికి భయం వెయ్యలేదా? మర్నాడు ఏం చేసి ఉంటాడు? కుండ ఎత్తాడా? భుజం లాగితే పెళ్లాం నూనె రాసిందా? ఇవన్నీ ఎవరైనా రాసి ఉంటే ఎంత బాగుండేది! చెయ్యి చాపడం అవిశ్వాసం కాదు, ఆయన చెప్పిన పని చెయ్యడమే అని నాకు అర్థమయ్యేసరికి, దేవునికే మహిమ, గుండెల మీంచి రోకలి తీసినట్టయింది!

మర్నాడే ప్యాసింజరెక్కి తెనాలి వెళ్లాం. అక్కడి డాక్టరుగారు చెయ్యంతా పరీక్షించి, రోగం తిరిగి రాలేదని, చంకలో గడ్డలు తీసిన చేతికి ఇలా నీరు పట్టడం ఉంటుందని చెప్పి, బిగుతుగా ఉండే తొడుగు ఇచ్చారు. బకెట్టు సంగతి విన్న ఫిజియో అమ్మాయి మాత్రం వదిలిపెట్టలేదు.

"ఆంటీ, మీ పిల్లలు మొదటిరోజే గ్రౌండు చుట్టూ ఇరవై రౌండ్లు కొడితే ఏం చేస్తారు?"

"విజిల్ ఊది ఆపేస్తానమ్మా."

"మరి మీకెవరు ఊదాలండీ?"

ఇంటికొచ్చి మళ్లీ గోడ ముందు నిలబడ్డాను. వదిన మూతి తిప్పుతూనే చూస్తోంది. "వదినా, సరదాకి మీరూ ఒకసారి పాకించండి" అన్నాను. "నాకేం రోగం?" అంటూ వచ్చి వేళ్లు పెట్టింది. ఏ ఆపరేషనూ లేని ఆవిడ చెయ్యి నా గీతకన్నా జానెడు కిందే ఆగిపోయింది! "ఓర్నాయనో! ఇదెప్పుడు పట్టేసిందే?" అని భుజం తడుముకుంది. ఆ రోజు నుంచి గోడకి రెండు వరసల గీతలు. పొద్దున్నే కాలువగట్టు మీద నడక కూడా మొదలుపెట్టాం, మొదట కరెంటు స్తంభం దాకా, తర్వాత తూము దాకా, ఆ తర్వాత లాకుల దాకా. ఆవిడ బాపట్ల వెళ్లిపోయాక కూడా రోజూ ఫోన్ చేసి తను సముద్రం వైపు పోయే సూర్యలంక రోడ్డులో ఎంత నడిచిందో చెబుతుంది. ఆ లెక్కన చూస్తే ఈపాటికి సముద్రం దాటేసి ఉండాలి.

బడి తెరిచిన రోజు పిల్లల ముందు నిలబడి "చేతులు పైకి!" అన్నాను. నా కుడిచెయ్యి నిటారుగా లేచింది, ఎడమది చెవిదాకా వచ్చి కొంచెం వంకరగా ఆగింది. చూద్దును గదా, పిల్లలందరి ఎడమచేతులూ సరిగ్గా అక్కడే, అదే వంకరతో ఆగాయి! కొత్త డ్రిల్లు అనుకున్నారు. నేను దిద్దలేదు. నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

వచ్చే నెలలో నాకు మళ్లీ పరీక్షలున్నాయి. ఏం వస్తుందో తెలియదు, తెలిసినట్టు రాస్తే అది దొంగ సాక్ష్యం అవుతుంది. ఒకప్పుడు ఆ తారీఖు దగ్గరపడితే ముద్ద దిగేది కాదు. ఇప్పుడు కూడా గుండె కొట్టుకుంటుంది గానీ, తండ్రి ఈసారి ఏం చేయబోతున్నాడో చూడాలన్న ఆత్రం కూడా అందులో కలిసింది. ఆయన నన్ను భయం నుంచి విడిపించి నడిపించింది ఈ ఆత్రంలోకే సహోదరులారా, ఆయనకు నా నిండు కృతజ్ఞతలు!

గడ్డ తగిలినా చెప్పుకోలేక పైట కింద దాచుకుంటున్న అక్క మీలో ఉంటే, ఈ రోజే ఇంట్లో చెప్పమ్మా, డాక్టరు దగ్గరకి వెళ్లు. వైద్యమంతా అయ్యాక మంచం దిగడానికి జంకుతున్న చెల్లి ఉంటే, డాక్టర్ని అడిగి ఒక్క అడుగు వెయ్యి, మిగతాది ప్రభువు మీద వేసి చూడు. మీకోసం ప్రొద్దున ఆరింటికి కాలువగట్టు మీద ఉంటాను, పరీక్ష ముందురోజు కూడా.