ఇడ్లీ రేకులో మిగిలిన స్క్రూ

పోయిన మంగళవారం పొద్దున్నే తాడేపల్లిగూడెం నుంచి మా మరదలు ఫోన్ చేసింది. "బావగారూ, ఆయన లేరండీ. టీ గ్లాసు చేతిలో ఉండగానే వెళ్ళిపోయారండీ" అంది. ఆయనంటే మా తోడల్లుడు. నలభై ఏళ్ళు నేను చిన్నచూపు చూసిన మనిషి.

రైసు మిల్లులో ఫిట్టరు. నేను కాలేజీలో పాఠాలు చెప్పినవాణ్ణి, ఇంటినిండా పుస్తకాలున్నవాణ్ణి. అయినా అత్తవారింట్లో మోటారు ఆగితే చిన్నల్లుడికే కబురు వెళ్ళేది. మా ఇంట్లో కుళాయి కారినా మా ఆవిడ, "మా మరిదయితే ఈపాటికి..." అని మధ్యలో ఆగిపోయేది. ఆగిపోవడమే ఎక్కువ గుచ్చుకునేది.

సంతాపసభలో ఆయన్ని కర్మయోగి అన్నారు. అన్నవాళ్ళలో ఆయనకు బతికుండగా కుర్చీ చూపించినవాడు ఒక్కడూ లేడు. నాకు ఒళ్ళు మండింది. కానీ మా ఇంటికొచ్చినప్పుడు ఆయన కూర్చున్నదీ వరండా మెట్టు మీదే. లోపలికి రమ్మని నేనెప్పుడూ అనలేదు.

మాది కైకలూరు. మా ఆవిడకు కిడ్నీలు పాడయ్యాక వారానికి మూడుసార్లు ఏలూరు డయాలసిస్‌కు వెళ్ళేవాళ్ళం. తెల్లవారుతుండగా కొల్లేరు మీదుగా మా పాత కారులో ప్రయాణం. ధనుర్మాసంలో అద్దం తుడిచేకొద్దీ మసకేసేది. ఆవిడకు రెండు దుప్పట్లు కప్పినా వణుకు తగ్గేది కాదు. "నా కాళ్ళు చేపల ఐసులో పెట్టినట్టున్నాయండీ" అనేది.

కారుకు హీటరుండేది. నీళ్ళు కారుతున్నాయని ఎప్పుడో ఒక మెకానిక్కు ఇంజను వేడినీళ్ళు దానిలోకి వెళ్ళివచ్చే గొట్టాలు రెండూ కోసి, ఒకదానికొకటి కలిపేశాడు. "ఈ ఎండల్లో హీటరెందుకండీ!" అని నవ్వాడు. మా వైపు అందరూ చేసేది అదే. మళ్ళీ పెట్టమంటే ఏ షెడ్డువాడూ ఒప్పుకోలేదు. డాష్‌బోర్డు మొత్తం విప్పాలట.

సంగతి తెలిసి ఒక ఆదివారం ఆయనే వచ్చాడు. సంచిలోంచి పనిముట్లు, వాటితోపాటు ఒక పాత ఇడ్లీ రేకు తీశాడు.

"మీరు విప్పండి అన్నయ్యగారూ. నేను చెప్తానండి."

"ఫిట్టరువి నువ్వా, నేనా?"

"ఆయ్, నేనేనండి. స్క్రూడ్రైవరు మాత్రం మీరే పట్టుకోండి."

"ఎగతాళిగా ఉందేం?"

నవ్వి, ఇడ్లీ రేకు నా పక్కన పెట్టి, వెళ్ళి మెట్టు మీద కూర్చున్నాడు. విప్పిన స్క్రూలు ఒక్కో గుంటలో వరసగా వేయాలి. "విప్పిన వరస గుర్తుంటే బిగించడం అదే వస్తుందండి" అన్నాడు.

రెండు ఆదివారాలు పట్టింది. నా వేళ్ళు చెక్కుకుపోయాయి. తిట్టాను, వినిపించుకోలేదు. హీటరు లోపలి చిన్న రేడియేటర్ని నా చేతే బయటికి తీయించి, కారేచోట నా చేతే టంకం పెట్టించాడు. కుళాయి నీళ్ళు పట్టిస్తే పులుసులాంటి తుప్పు వచ్చింది. అన్నీ బిగించి ఇంజను వేశాక, "ఆ రెండు గొట్టాలూ పట్టుకు చూడండి. ఒకటి కాలి, ఒకటి చల్లగా ఉందంటే మధ్యలో ఏదో అడ్డం ఉన్నట్టు. రెండూ ఒకేలా కాలాలండి" అన్నాడు. ఒకటే కాలింది. చల్లారనిచ్చి, నీళ్ళు నింపించి, లోపలి గాలి పోయేదాకా ఓపిగ్గా చెప్పాడు. ఈసారి రెండూ కాలాయి.

ఇడ్లీ రేకులో ఒక స్క్రూ మిగిలింది. అది ఎక్కడిదో ఇద్దరికీ తెలియలేదు. మా ఆవిడ వస్తుంటే చూసి, చప్పున జేబులో వేసుకున్నాడు.

ఆవిడ కారులో కూర్చుని, వేడిగాలికి ఉత్త పాదాలు చాపింది. కాసేపు కళ్ళు మూసుకుంది. "మరిదిగారు చేశారా?" అని అడిగింది.

"లేదండి వదినగారూ. నేను ముట్టుకుంటే ఒట్టు. అన్నయ్యగారే చేశారు."

ఆవిడ నల్లబడిన నా చేతులకేసి చూసింది. "మీకు ఇదంతా చేతనవునా!" అంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నన్ను అలా చూడలేదు. ఆయన వల్లే అని అప్పుడే చెప్పాల్సింది. "ఆఁ, ఏముంది ఇందులో" అన్నాను. ఆయన అటు తిరిగి కుళాయి దగ్గర ఇడ్లీ రేకు కడుక్కుంటున్నాడు. తను ఎందుకు చెయ్యి పెట్టలేదో నాకు అప్పుడు అర్థమైంది.

ఆ తర్వాత ఆవిడ రెండు చలికాలాలు బతికింది. ఆసుపత్రిలో పక్క మంచాలవాళ్ళందరికీ "మా ఆయనే బాగుచేశారు" అని చెప్పుకుంది. నేను వింటూ ఊరుకున్నాను. ఆవిడ పదకొండో రోజున ఆయన వచ్చి మళ్ళీ ఆ మెట్టు మీదే కూర్చున్నాడు. పక్కన కూర్చుని ఒక్కమాట చెబుదామనుకున్నాను. పురోహితుడు పిలిచాడు, లేచి వెళ్ళాను. నిజానికి ఆ పురోహితుడి పిలుపు కోసమే ఎదురుచూశాను.

సభ అయ్యాక మరదలు ఆ ఇడ్లీ రేకు నా చేతిలో పెట్టింది. "ఇది మీదని చెప్పేవారండీ" అంది. ఒక గుంటలో ఆ స్క్రూ ఉంది.

మర్నాడు తెల్లవారుతూనే ఇంటికి బయల్దేరాను. కొల్లేరు దగ్గర మంచు దిగింది. హీటరు వేశాను. అద్దం కిందనుంచి మెల్లగా తేటపడింది. వేడిగాలి ఎడమవైపు, ఆవిడ పాదాలు ఉండే చోట ఖాళీ మ్యాటు మీదికి వీస్తోంది. సీట్లో ఇడ్లీ రేకు. ఆ స్క్రూ లేని డాష్‌బోర్డు ఎప్పటిలాగే గిలక్కాయలా మోగుతుంటే, గుంటలోని స్క్రూ కూడా దానితోపాటు మోగుతూ వచ్చింది, కైకలూరు దాకా.