పచ్చ అంటే ఏ పచ్చ?

కోపమంటే ఇప్పటికీ నాకు మొదట గుర్తొచ్చేది మా యజమాని నవ్వు. తొంభైల మొదట్లో ఆయన మిర్యాలగూడ అవతల, త్రిపురారం వెళ్లే దారిలో, ఒక పాత రైసుమిల్లు షెడ్డులో చిన్న విమానాలు బిగించేవాడు. వరి పొలాల మీద మందు కొట్టే విమానాలు. పైలట్ ముందుండే డయళ్లు గీయడం నా పని. నాది సూర్యాపేట. డ్రాయింగులో డిప్లొమా చేసి వచ్చాను. ఆ షెడ్డు మొత్తానికి ఆడపిల్లను నేనొక్కదాన్నే.

డయలంటే మా యజమానికి పెళ్లిబస్సు. చుట్టూ బంగారు అంచు కావాలి, మధ్యలో కంపెనీ బొమ్మ కావాలి, మెరిసే బల్బులు కావాలి. "రెప్పపాటు టైముల పైలట్ వేగం సూసుకుంటడా, మీ బొమ్మ సూస్తడా సార్?" అంటే, "మస్తు మాట్లాడుతవ్ బిడ్డా" అని నవ్వేవాడు. ఒళ్లు మండిపోయేది.

పోట్లాడి అంచు పీకించాను, బొమ్మ తీయించాను. చివరికి వేగం చూపే డయలు నేననుకున్నట్టు కుదిరింది. నలుపు మీద పెద్ద తెల్లంకెలు, సూది తిరిగే దారిలో రెండు రంగుల పట్టీలు, కొసకు సూది ఎన్నడూ దాటకూడని ఎర్రగీత. మొదటి పట్టీ ఆకుపచ్చ. సూది అందులో ఉంటే బెంగ లేదు. రెండోది పసుపు. గాలి నిమ్మళంగా ఉంటేనే అందులోకి పోవాలి. ఎండపూట పొలాల మీద గాలి కుదేస్తున్నప్పుడు ఆ వేగంతో పోతే రెక్క విరగొచ్చు. అంత కిందుగా ఎగిరేవాడి కళ్లు కరెంటు తీగల మీద ఉంటాయి. అంకె చదివే తీరిక ఉండదు, ఓరకంట రంగు చూసుకుంటాడంతే.

డయళ్లు అచ్చువేసే ఆయన కోదాడలో ఉండేవాడు. అతనితో వట్టి 'పచ్చ' అనొద్దని యజమానికి ముందే చెప్పాను. ఆ గొడవ మా ఇంట్లోనే ఉంది మరి. అమ్మ పచ్చ చీర అడిగితే నాన్న చిలకరంగుది తెచ్చాడు. అమ్మది కోదాడ దిక్కు, అక్కడ పచ్చంటే పసుపు; ఆమె అడిగింది పసుపురంగుది. పచ్చగడ్డిలో పచ్చ వేరు, పచ్చకామెర్లలో పచ్చ వేరు. "ఆకుపచ్చ అనుండ్రి సార్, పూరాగ అనుండ్రి" అని నెత్తీనోరూ కొట్టుకున్నాను. ఆయన ఫోనెత్తి ఏమన్నాడు? "ముంగట పచ్చ, ఎన్క పసుపు, కొసకు ఎర్రగీత."

డయలు వచ్చింది. మొదటి నుంచి ఎర్రగీత దాకా ఒకటే పసుపు.

మర్నాడే చుట్టుపక్కల పెద్ద రైతుల ముందు విమానం ఎగరేసి చూపించాలి. ఈ డయలుతో ఎగరేయొద్దని యజమానితో అన్నాను.

"ఎర్రగీత ఉన్నది గదా? రంగుతోని ఏం పని?"

"రెక్క ఇరిగితె మనిషి సస్తడు సార్!"

"శుభమా అని పని సురువు జేస్తుంటె, నీ నోట్లె మంచి మాటే రాదా?"

మా పైలట్ యాభై దాటిన మనిషి, కృష్ణా జిల్లా నుంచి వచ్చి కోదాడలో ఉండిపోయినవాడు. బాబాయ్ అని పిలిచేదాన్ని. డయలు చూపించి ఎక్కొద్దని బతిమాలాను. "అంకెలు చూసుకుంటాలేమ్మా" అన్నాడు, నా మొహం చూడకుండా. ఆయన మీద కూడా మండింది నాకు.

ఎండ ముదిరాక ఎగిరాడు. షెడ్డు గుమ్మంలో నిలబడి రెక్కల వంకే చూస్తున్నాను. ఒకచోట గాలి విమానాన్ని ఎత్తి కుదేసింది. రైతులు ఈలలేశారు. కాసేపటికి క్షేమంగా దిగాడు.

"సూసినవా? ఏమన్న అయిందా? ఉత్తగ పరేషాన్ జేస్తివి" అని అందరి ముందూ నవ్వాడు యజమాని. అందరూ నవ్వారు. మనిషి చస్తేగాని నా మాట నిజం కాదన్నమాట! ఎంత సిగ్గులేని నవ్వది.

షెడ్డులో బాబాయ్‌కి చెంబుతో నీళ్లిస్తే సగం చొక్కా మీదే పోసుకున్నాడు.

"ఎంత వేగంలో పోయానో తెలీదమ్మా. గాలి కుదేసినప్పుడు ఒక్కసారి చూశాను. అంతా పసుపే. ఇంక చూడలేదు."

"మరి ఎట్ల దిగిన్రు?"

"గాలి చప్పుడు వింటూ."

ఎందుకెక్కారని తిట్టబోయాను. అప్పుడే పక్క గదిలోంచి కోదాడకు ఫోను చేస్తున్న యజమాని గొంతు వినబడింది. "మంచిగ ఎగిరింది. గదే డయలు, గట్లనే ఇంకో నాలుగు కొట్టు."

ఎలా వెళ్లానో తెలియదు, ఆయన చేతిలోంచి ఫోను లాక్కున్నాను. "అన్నా, తప్పు పడ్డది. మొదటి పట్టీ ఆకుపచ్చ. వరి ఆకు రంగు!" ఇవతల యజమాని, నీ నౌకరి ఖతం అని అరుస్తున్నాడు.

అవతల కోదాడాయన గతుక్కుమన్నాడు. "అయ్యయ్యో, రెండూ పసుపే అనుకున్నానమ్మా. ఆ మొదటి డయలు పెట్టి ఎవర్నీ ఎక్కించలేదు కదా?"

తడిసిన చొక్కాతో బాబాయ్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఎక్కించిన్రన్నా" అన్నాను.