నీళ్ళు పోసిన పుణ్యాత్ములు

కాజాలక్కకు ఆ పేరు పెట్టింది బట్టలు కుట్టే మాస్టారే. ఆయన కుట్టిన చొక్కాలకు ఇంట్లో కూర్చుని కాజాలు తీసి, బొత్తాలు వెయ్యడం ఆమె పని. కిటికీ పక్కన స్టూలు వేసుకుని కూర్చుందంటే మళ్ళీ లేచేది కుండీలు తిప్పడానికే. దళసరి ఆకుల మొక్కలు వెలుగు వైపే వాలిపోతాయి కనుక, రోజూ ఒక్కోదాన్నీ కాస్త కాస్త తిప్పాలి. పిడి విరిగిన కప్పులు, అడుగున మేకుతో చిల్లులు కొట్టిన రంగు డబ్బాలు అన్నీ కలిపి ముప్పై ఒకటి. వీటిని సక్యులెంట్లంటారని తమ్ముడు చెబితే, "నేనా పేరు పలికేలోగా అది ఇంకో ఆకు వేస్తుంది, పోరా" అనేది.

నిజానికి ముప్పై ఒకటీ ఒకే మొక్క. ఆమె భర్త గోడలకు రంగులు వేసేవాడు. ఎవరింట్లోనో నిచ్చెన తగిలి రాలిన ఆకును జేబులో వేసుకుని మరిచిపోయాడు. వారం తర్వాత చొక్కా ఉతకబోతూ ఆమె జేబు తడిమితే, ముడతలు పడ్డ ఆకు, దాని మొదట్లో దారప్పోగుల్లాంటి వేళ్ళు. "చావలేదుగా, మట్టిలో పడెయ్" అన్నాడు. ఏడాది తిరక్కుండా తనే పోయాడు. ఆకు మాత్రం మొక్కయింది, దాని ఆకుల్లోంచే మిగతావన్నీ పుట్టాయి. వీటిలో ఒక్క కుండీ బతికున్నా ఆయన పూర్తిగా పోనట్టేనని కాజాలక్క నమ్మకం. నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

తొమ్మిదేళ్ళు బాగానే గడిచాయి. తర్వాత పక్క ఖాళీ స్థలంలో మేడ లేవడం మొదలైంది. మొదటి అంతస్తుతో పొద్దుటి ఎండ పోయింది. రెండోది వేసేసరికి మధ్యాహ్నం అరగంట మిగిలింది. మూడోది వేశాక కిటికీలోంచి చూస్తే సిమెంటు గోడ తప్ప ఇంకేమీ లేదు. డాబా మీద పెట్టుకుందామంటే ఇల్లు అద్దెకిచ్చినవాళ్ళు తలుపుకు తాళం వేసుకున్నారు. ఎంత బతిమాలినా తాళంచెవి ఇవ్వలేదు.

రెండు నెలల్లో మొక్కలు పొడుగు సాగాయి. తమ్ముడు చూసి మురిసిపోయాడు.

"చూశావా అక్కా, ఎంత ఏపుగా పెరిగాయో! ఊరికే బెంగపెట్టుకున్నావు."

"పెరగడం కాదురా అది. ఎండ కోసం మెడలు చాస్తున్నాయి. ఇలా సాగి సాగి చచ్చిపోతాయి."

కత్తెర తీసుకుని తలలు కోసింది. గాట్లు ఆరేదాకా నాలుగు రోజులు కాగితం మీద ఉంచి మళ్ళీ నాటింది. అవీ సాగాయి, పాలిపోయాయి. రోజూ లేచి చూసేసరికి ఏదో ఒక డబ్బాలో కాడ వంగిపోయి ఉండేది.

పదకొండు మిగిలాక ఇక లాభం లేదనుకుని, ఎండ ఉన్న చోట్లు వెతుక్కుని ఒక్కొక్కటే పంచేసింది. ఇచ్చేటప్పుడు అందరికీ ఒకటే మాట చెప్పింది: "ఆకు ముడత పడేదాకా నీళ్ళు పొయ్యకండి. మరిచిపోతే ఇంకా మంచిది."

అందరూ బుద్ధిగా తలూపి, ఈ చెవితో విని ఆ చెవితో వదిలేశారు. మొక్కన్నాక నీళ్ళు పొయ్యకుండా చేతులెలా ఊరుకుంటాయి? అందులోనూ కాజాలక్క ప్రాణంగా పెంచుకున్న మొక్క! ఎదురింటి పంతులమ్మ రెండు పూటలా పోసింది. మందుల షాపాయన సెలవు రోజున కూడా షాపు తెరిచి మరీ పోశాడు. ఆకులు మెత్తబడి, పట్టుకుంటే ఊడి చేతిలోకొచ్చాయి. "మీరిచ్చారని ఒక్కపూట కూడా మానలేదండీ" అంటూ పంతులమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంటే కాజాలక్కే ఆమెను ఓదార్చాల్సి వచ్చింది. ఇంతమంది పుణ్యాత్ముల మధ్య ఒక్క బద్ధకస్తుడైనా దొరకలేదు చూడండి!

అలా పదీ పోయాయి. మాస్టారి షాపులో పెట్టింది ఒక్కటే మిగిలింది. మాస్టారికి కొలతలు తీసుకున్న మనిషి మొహమే గుర్తుండదు, ఇక నీళ్ళేం గుర్తుంటాయి? ఆ మతిమరుపు మీదే ఆశంతా పెట్టుకుని, చొక్కాల మూట చంకన పెట్టుకుని వెళ్ళింది.

షాపు ముందు గట్టు మీద, ఎండలో, ఆమె ఇచ్చిన పసుపు డబ్బాలోనే ఉంది మొక్క. గుండ్రంగా, ఒత్తయిన ఆకులతో నిగనిగలాడుతోంది. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. మూట దించి వంగి చూసింది. తన మొక్కకు ఎండ తగిలితే ఆకు అంచున సన్నటి ఎర్రగీత వస్తుంది. దీనికి లేదు. తన మొక్క ఆకు చివర గుండ్రంగా ఉంటుంది, దీనికి మొన ఉంది.

"మాస్టారూ, ఇది నా మొక్క కాదు కదూ?"

మాస్టారు మిషను ఆపాడు. కొలతల టేపు వేలికి చుట్టుకుంటూ తలదించుకున్నాడు.

"అది కుళ్ళిపోయిందక్కా. మీరు బాధపడతారని అచ్చం అలాంటిదే తెచ్చిపెట్టాను. రోజూ గుర్తుపెట్టుకుని మరీ పోశానక్కా నీళ్ళు."

అంటే ఇక ఎక్కడా లేదు. భర్త పోయి పదేళ్ళని అందరూ అంటారు గానీ, కాజాలక్కకు ఆయన పోయింది ఆ మధ్యాహ్నమే. గట్టిగా తిట్టాలనిపించింది. తిట్టడానికి ఒక్క చెడ్డవాడు కూడా కనబడలేదు.

కొత్త మొక్క మొదట్లో వేలు గుచ్చి చూసింది. మట్టి చిత్తడిగా ఉంది.

"దీనికీ ఎక్కువే పోస్తున్నారు, మాస్టారూ" అంది, చొక్కాల మూట విప్పుతూ.