విప్పని బొందు ముడి

నా చిన్నప్పుడు కాశిబుగ్గలో మా వాడకట్టున ఎవరికి నొప్పులొచ్చినా మా నాయనమ్మకే కబురొచ్చేది. ఆమె కాన్పు చేసే ఇంట్లో ముందు ముడులన్నీ విప్పించేది. జడలు, మూటలు, నూలు కట్టలు, ఆఖరికి పెట్టె తాళాలు కూడా తీయించేది. ఇంట్లో ముడి ఉంటే లోపలి బిడ్డకు దారి దొరకదని, తల్లికీ గండమని ఆమె నమ్మకం.

డెబ్బైలలో మాట. నాకు తొమ్మిదేళ్లు ఉంటాయి. మా మేనత్త తొలి కాన్పుకు పుట్టింటికి, అంటే మా ఇంటికి వచ్చింది. పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి. నాయనమ్మ నా జడ విప్పేసింది, మూలనున్న మూటలన్నీ విప్పింది. మా బాపు మగ్గం జోలికి మాత్రం పోలేదు. దాని మీది పోగులకు ఎన్ని ముడులో! మరి వాటి సంగతేమిటని అడిగితే నెత్తి మీద మొట్టికాయ పడింది. నాకు ప్రతిదీ అడగాలి, ప్రతిదీ చూడాలి. దానికోసం ఎన్ని మొట్టికాయలైనా తినేదాన్ని.

నేను విప్పనిది ఒక్కటే, నా లంగా బొందు. విప్పితే లంగా జారిపోదూ! రెండు చేతులా దాన్ని పట్టుకుని నిలబడితే తలుపు సందులోంచి చూడటం ఎలా? జాకెట్టు కిందికి లాగి ముడిని కప్పేసుకుని ఊరుకున్నాను.

మధ్యాహ్నానికి బిడ్డ ఏడుపు వినిపించింది. కాసేపటికి మాయ కూడా పడింది. అందరూ బిడ్డ చుట్టూ మూగారు. ఆడపిల్లో మగపిల్లాడో చూద్దామని నేను సందులోంచి మెడ సాచాను. నాకు కనిపించింది అత్త కింది గుడ్డ. ఎర్రగా తడిసిపోతోంది. నాయనమ్మ ఇంకో గుడ్డ వేసింది, అదీ తడిసింది. అత్త పెదాలు తెల్లబడ్డాయి.

"ఇంట్ల ఇంకేడ ముడి ఉన్నదే?" అని నాయనమ్మ అరిచింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

పక్కింటి అక్క నర్సు ట్రైనింగు చేస్తూ సెలవులకు వచ్చి ఉంది. పరుగెత్తి ఆమెను పిలుచుకొచ్చాను. నా బొందు ముడి వల్లే అత్త చచ్చిపోతుందా అని దారి పొడుగునా ఏడుస్తూ అడిగాను.

అక్క నవ్వలేదు. వచ్చీ రాగానే అత్త పొట్ట మీద చెయ్యి పెట్టి గుండ్రంగా, గట్టిగా రుద్దసాగింది. బిడ్డను రొమ్ముకు పట్టించమంది. బాపును రిక్షా కోసం పంపింది. ఎవరికీ లోబడని మా నాయనమ్మే అక్క చెప్పినవన్నీ చేసింది. అప్పుడు అక్క నన్ను దగ్గరికి పిలిచింది.

"నీ ముడితోని ఏం కాలేదు పిల్లా. బిడ్డ బయటికొచ్చినంక కడుపుల సంచి గట్టిగ ముడుసుకోవాలె. గప్పుడే నెత్తురు ఆగుతది. ఈడ చెయ్యి పెట్టు. జర మెత్తగైనా నాకు చెప్పాలె."

నా చేతి కింద అత్త పొట్ట పిండి ముద్దలా ఉంది. అక్క నా చేతి మీద తన చెయ్యి వేసి రుద్దింది. మెల్లమెల్లగా లోపల ఏదో మారేడుకాయలా గట్టిగా తగిలింది.

"గట్టిగైందక్కా!" అని అరిచాను. నా ఏడుపు ఎప్పుడు ఆగిందో నాకే తెలియదు.

దవాఖానకు తీసుకుపోతుంటే రిక్షా మలుపు తిరిగేదాకా చూశాను, అక్క ఆ పొట్ట మీది నుంచి చెయ్యి తీయలేదు. అక్కడ సూది వేశారని, నెత్తురు ఎక్కించారని, అత్తకు ఇక భయం లేదు, ఫికర్ పడొద్దని సాయంత్రం బాపు వచ్చి చెప్పాడు. పుట్టింది ఆడపిల్లో మగపిల్లాడో ఇంకా తెలుసుకోలేదని అప్పుడు గుర్తొచ్చింది.

పెద్దయ్యాక నేనూ నర్సునయ్యాను, నర్సింగు పిల్లలకు పాఠాలూ చెప్పాను. కాన్పులో వచ్చే ఇబ్బందులన్నీ వాళ్లు గడగడా అప్పజెప్పేవారు. నిజంగా నెత్తురు చూసేసరికి కొయ్యబారిపోయేవారు, తామేదో తప్పు చేశామన్నట్టు. నీ వల్ల ఏం కాలేదని ముందు చెప్పి, ఆ పిల్ల చేతిని తీసుకుని తల్లి పొట్ట మీద పెట్టేదాన్ని. కాసేపటికి "గట్టిగైంది మేడమ్" అనేవారు.

రిటైరై చాలాకాలమైంది. ఎవరింట కాన్పైందని విన్నా ఇప్పటికీ నా నోట ముందు వచ్చేది తల్లి ఎలా ఉందనే. బిడ్డ సంగతి ఆ తర్వాతే అడుగుతాను.