పాటకు ముందు ఊపిరి

కాశిబుగ్గ నుంచి డిగ్రీ చదివే ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చేది. తాను పుట్టకముందే చనిపోయిన ఒక గజల్ గాయకుడంటే ఆమెకు ప్రాణం. ఆయన పక్కన మా నాన్న చాలా ఏళ్లు తబలా వాయించాడని ఎవరో చెబితే వెతుక్కుంటూ వచ్చింది. అప్పటికే నాన్నకు మతిమరుపు ముదిరింది. నన్ను కూడా గుర్తుపట్టేవాడు కాదు.

పాట ఎత్తుకునే ముందు ఆమె ఊపిరి లాగి, గొంతులోనే చిన్నగా దగ్గేది. పాత రికార్డుల్లో ఆ గాయకుడికి ఉన్న అలవాటే అది. విని విని ఆమెకు తెలియకుండానే అంటుకుంది.

ఒక సాయంత్రం నాన్న మంచం పక్కన కూర్చుని అలాగే దగ్గింది. పాట ఇంకా మొదలుకాలేదు. నాన్న కళ్లు తెరిచాడు.

"భాయ్, నువ్వు పోయినవన్నరు గదా," అన్నాడు. "నీ గోరీల మట్టి గూడ ఏసొచ్చిన."



"ఏడికి పోలే," అంది ఆమె మెల్లగా.

"గట్లయితే పాడు."

ఆమె పాడినంతసేపూ నాన్న వేళ్లు దుప్పటి మీద తాళం వేస్తూనే ఉన్నాయి. ఒక్కచోట కూడా తప్పలేదు.

గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ ఆమె నా వైపు తిరిగింది.

"'ఏడికి పోలే' అని అనాలని నేను అనుకోలే అంకుల్. అదే వచ్చింది. నాకు భయమైతాంది."

మళ్లీ రాలేదు. నాన్న మాత్రం బతికున్నన్నాళ్లూ సాయంత్రం కాగానే, "తలుపు తియ్యి, భాయ్ వస్తడు," అనేవాడు.

నేను తీసేవాణ్ణి.